అప్పు కాదు, చిల్లర మార్పు

బెంగళూరు మారతహళ్ళిలోని మా ఇంట్లో, మూడో తరగతి చదువుతున్న మా అమ్మాయి 503 లోంచి 287 తీసివేసి 384 అని రాసింది. ఏది పైన ఉంది, ఏది కింద ఉంది అని చూడకుండా, ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేసింది. బడిలో నేర్పిన ‘పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో’ అన్న మాట, పక్కన సున్నా ఉన్నప్పుడు పిల్లకు ఏ దారీ చూపలేదు. పైగా, “ఆ అప్పు ఎప్పుడు తీర్చాలి నాన్నా?” అని అడిగింది. అక్కడ అసలు అప్పే లేనప్పుడు నేనేమని చెప్పాలి?

వంద రూపాయల నోట్లు ఐదు, రూపాయి నాణేలు మూడు ముందు పెట్టి, ఒక వందను పది పదులుగా, అందులో ఒక పదిని పది రూపాయి నాణేలుగా మార్పించాక, నాలుగు వందలు, తొమ్మిది పదులు, పదమూడు ఒకట్లు తానే లెక్కపెట్టుకుని 216 అని చెప్పింది. ఆ వెలుగు ఒక్క రోజైనా నిలవలేదు. జవాబు సరిగ్గానే ఉన్నా, అంకెలు కొట్టివేసి పైన చిన్నగా రాయలేదని మర్నాడు నోటుపుస్తకంలో ఎర్ర గీత పడింది. “నాకు లెక్కలు రావు” అంటూ పిల్ల పుస్తకం మూసేసింది. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడడం లేదు.