డప్పు లేనిదే పండగ లేదు, మరి డప్పు కొట్టేటోళ్ళకి చోటేదీ?

మతం మీద ఎక్కడ చర్చ మొదలైనా దేవుడున్నాడా లేడా దగ్గరే చిక్కుకుపోతుంది. సోషియాలజీలో నాకు నచ్చింది ఏంటంటే ఆ ప్రశ్న జోలికే పోరు, నలుగురు కలిసి మొక్కితే ఆ నలుగురి మధ్య ఏం జరుగుతుందో చూస్తారు. 1912లో ఫ్రెంచ్ సోషియాలజిస్ట్ డర్కైమ్ ఆస్ట్రేలియా ఆదివాసుల ఆచారాల గురించి రాస్తూ ఇదే అన్నాడు, జనం ఒక్కచోట చేరి ఊగిపోతున్నప్పుడు వాళ్ళని ఆవహించే శక్తి నిజానికి ఆ సమాజం శక్తే అని.

మా ఊరి పీర్ల పండగ చూసినోళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ముస్లింల ఇళ్ళు పట్టుమని పది లేవు, అయినా మొహర్రం వచ్చిందంటే పీర్ల కొట్టానికి సున్నాలు వేసేదీ, గుండం తవ్వేదీ, పీర్లు ఎత్తుకునేదీ అన్ని కులాలోళ్ళు. మా నాయినమ్మ దట్టీ కట్టి, మలీద పెట్టి మొక్కు తీర్చుకునేది, అది వేరే మతం అన్న ఆలోచనే ఆమెకి ఉండేది కాదు. అటు అనంతపురం జిల్లా గూగూడు కుళ్ళాయిస్వామి దగ్గరకైతే లక్షల మంది వస్తారు. మతం అంటే కొట్లాటలే అనేవాళ్ళు ఒక్కసారి ఇవి చూడాలి, నిజంగా.

కానీ నన్ను ఏళ్ళుగా తొలిచేది ఇంకోటుంది. గుండం చుట్టూ అలాయి ఆడాలంటే డప్పు మోగాల్సిందే, ఆ డప్పు కొట్టేది మాదిగవాడ వాళ్ళు, రాత్రంతా వేళ్ళు వాచేలా కొట్టి తెల్లారి వాళ్ళ అన్నం మాత్రం దూరంగా, వేరే విస్తట్లో. ఊరంతా ఒక్కటయిందని మనం అనుకునే ఆ రాత్రే ఎవరి చోటు ఎక్కడో కూడా పిల్లలకి నేర్పేస్తున్నాం. మతం జనాన్ని కలుపుతుందని డర్కైమ్ చెప్పింది నిజమే, ఎవరిని ఏ మెట్టు మీద నిలబెట్టి కలుపుతుంది అని అడిగింది మాత్రం అంబేడ్కర్. ఆయన మతమే వద్దనలేదు, అది చాలామంది మర్చిపోతారు. హిందువుగా చావనని 1935లో చెప్పి, ఇరవై ఏళ్ళు ఆలోచించి 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధం తీసుకున్నాడు. మనిషికి పదిమందితో కలిసి నిలబడే చోటు కావాలి, అది తలెత్తుకుని నిలబడేలా ఉండాలి అన్నదే కదా ఆయన తపన. మతం మత్తుమందు అన్న మార్క్స్ మాట ఒక్కటే పట్టుకునేవాళ్ళు కూడా అదే పేరాలో మతాన్ని పీడితుల నిట్టూర్పు అన్న సంగతి వదిలేస్తారు.

పోయినేడు నాతో బడికొచ్చిన దోస్తు డప్పు కొట్టనన్నాడు. అందరితో పాటు బంతిలో కూర్చోబెడితేనే కొడతా అన్నాడు. పెద్దమనుషులు పంచాయితీ పెట్టారు, ఆచారం అన్నారు, తాతలనాటి కట్టుబాటు అన్నారు. పదో రోజు పీర్లు లేచాయి గానీ గుండం దగ్గర ఎవరికీ కాళ్ళు ఆడలేదు, డప్పు లేదు కదా. ఆ రాత్రి నేను వాళ్ళింట్లో వాడి పక్కన కూర్చుని తిన్నా. ఈసారి కూడా వాడు అదే మాట మీదున్నాడు, నేనూ వాడితోనే ఉన్నా.