‘కలిగినదీ కాదు, ముదిరినదీ కాదు’ గారికి విన్నపం

మహారాజశ్రీ ‘సైనిక సేవ వల్ల కలిగినదీ కాదు, దానివల్ల ముదిరినదీ కాదు’ అను వాక్యం గారి సముఖమునకు,

నమస్కారములు. ఉభయకుశలోపరి అని రాయడానికి చెయ్యి రావడం లేదు. తమరి క్షేమానికి ఏనాడూ లోటు లేదు గాని, తమరు వాలిన కాగితం అందుకున్నవారి సంగతి వేరు.

సైన్యం నుంచి పంపించే ముందు వైద్య బోర్డు నింపే కాగితంలో తమరి నివాసం. వైకల్య పింఛను అర్జీలు రాసిపెట్టే నాకు తమరి దర్శనం కాని వారం లేదు. మొన్న ఒక మాజీ హవల్దారు గారు ప్లాస్టిక్ సంచిలోంచి మడతలు చిరిగిన కాగితం తీశారు. పై గడిలో వైకల్యం 30 శాతమని ఉంది. 20 శాతం ఉంటే చాలు, పింఛను వచ్చేదే, కింద గడిలో తమరు వేంచేసి ఉండకపోతే. ఆయన రక్తపోటు ‘పీస్ స్టేషన్’లో, అంటే సరిహద్దు కాపలా లేని ప్రశాంత స్థావరంలో, బయటపడిందట, కనుక సేవతో సంబంధం లేదట! మంచుకొండల మీద కాపలా కాసినన్నాళ్లూ ఆ రక్తపోటు క్రమశిక్షణతో అణగి ఉండి, కిందికి దిగాకే తల ఎత్తిందన్నమాట.

నాదొక సందేహం. భర్తీ నాడు ఛాతీ కొలిచి, కళ్లూ చెవులూ చూసి, ఏ జబ్బూ లేదని సంతకం పెట్టింది సైనిక వైద్యులే కదా. మరి ఈ జబ్బు ట్రంకుపెట్టెలో దాక్కుని వచ్చిందా? తొమ్మిదేళ్లు సిగ్నల్స్ దళంలో పనిచేసి మూర్ఛవ్యాధితో ఇంటికి చేరిన ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013లోనే తేల్చింది: చేరేటప్పుడు నమోదు కాని జబ్బు సేవలోనే వచ్చిందని భావించాలి, కాదని రుజువు చేసే భారం సైనికుడిది కాదు, బోర్డు కారణాలు రాసి తీరాలి. అయినా తమరికి పదవీ విరమణ వయసు రాలేదు.

తమరిది ఒక్క పంక్తి. దానికి జవాబు చెప్పాలంటే మొదటి అప్పీలు, రెండవ అప్పీలు, ఆపైన 2007 నాటి చట్టంతో వచ్చిన సాయుధ దళాల ట్రిబ్యునల్. తెలుగువాడైతే చెన్నై బెంచి. తమరి పక్షాన నిలబడే వకీలుకు ఫీజు ఖజానా ఇస్తుంది, హవల్దారు గారి వకీలుకు హవల్దారు గారే ఇచ్చుకోవాలి. సైనిక సంక్షేమ బోర్డులలో ఉచిత న్యాయ సహాయం కోసం 2025లో ఒక పథకమే పెట్టవలసి వచ్చిందంటే, అందులో తమరి పుణ్యం కొంత లేకపోలేదు.

ఈసారి వేంచేసేటప్పుడు వెంట ‘ఎందుకనగా’ అనే మాటను కూడా తోడు తెచ్చుకోవలసిందిగా ప్రార్థన. హవల్దారు గారి మొదటి అప్పీలుకు సమాధానం నిన్ననే అందింది. తమరు అందులోనూ కులాసాగానే ఉన్నారు.

ఇట్లు,
తమరిని పదే పదే నకలు రాసే అర్జీల గుమాస్తా