గ్రూపు కలిస్తే చాలదు

రక్తం సంచి మీద అంటించిన చీటీ ఎప్పుడైనా చదివారా? గ్రూపు, పాజిటివో నెగెటివో, సేకరించిన తేదీ, గడువు తేదీ, హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షల ముచ్చట. ఎప్పుడో ఒకసారి రక్తం అవసరపడే మనిషికి ఇది చాలు. రెండు మూడు వారాలకోసారి ఎక్కించుకునే తలసీమియా పిల్లలకు, మన్యం నుంచి విశాఖకు దిగొచ్చే సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) రోగులకు చాలదు.

ఎర్రకణాల మీద యాంటీజెన్లనే గుర్తులు చాలా ఉంటాయి. పాజిటివ్, నెగెటివ్ వచ్చే ఆర్‌హెచ్ కుటుంబంలోనే పెద్ద సీ (C), చిన్న సీ (c), పెద్ద ఈ (E), చిన్న ఈ (e) ఉన్నాయి. ఆపైన కెల్, డఫీ, కిడ్, ఎంఎన్‌ఎస్ అనే వేరే కుటుంబాలు. తనలో లేని యాంటీజెన్ పదేపదే ఒంట్లోకి వస్తే కొందరిలో దానిమీద దాడి చేసే యాంటీబాడీ తయారవుతుంది. ఇక ఆ రకం రక్తం వాళ్లకు జన్మలో పనికిరాదు.

ఇవి కూడా చూసి రక్తం ఎక్కించమంటే, ఖర్చెవరు పెడతారు, ఎమర్జెన్సీలో టైమెక్కడిది, ఎలాగూ క్రాస్ మ్యాచ్ (రోగి రక్తం, దాత రక్తం కలిపి చూసే పరీక్ష) చేస్తున్నాం కదా అంటారు. హైవే ప్రమాదంలో నెత్తురోడుతున్న మనిషి విషయంలో ఆ మాట ఒప్పుకుంటాను.

కానీ క్రాస్ మ్యాచ్ మీద అంత భరోసా ఉన్నవాళ్లు కిడ్ యాంటీబాడీల సంగతి చెప్పాలి. ఇవి కొన్నాళ్లకు పరీక్షకు దొరకనంతగా తగ్గిపోతాయి. క్రాస్ మ్యాచ్ బాగానే కుదురుతుంది, రక్తం ఎక్కిస్తారు. ఒంట్లో మాత్రం పాత జ్ఞాపకం చావదు. యాంటీబాడీలు మళ్లీ ఎగబాకి, వారం పది రోజుల్లో ఎక్కించిన కణాలను పగలగొట్టేస్తాయి. అప్పటికి రోగి పాడేరు అవతల ఏదో ఊళ్లో ఉంటాడు. కళ్లు పచ్చబడతాయి, మూత్రం ఎర్రగా వస్తుంది, ఒళ్లంతా నొప్పులు. సికిల్ సెల్ ఉన్నవాడికి నొప్పులు కొత్తా? 'క్రైసిస్' (సికిల్ సెల్ వల్ల వచ్చే నొప్పుల దాడి) అని రాసుకుని, హిమోగ్లోబిన్ పడిపోయిందని మళ్లీ రక్తమే ఎక్కిస్తే అగ్నికి ఆజ్యం పోసినట్టే.

ప్రతి సంచికీ అన్ని పరీక్షలూ చేయమని ఎవరూ అడగడం లేదు. ఈ పిల్లలకు మొదటిసారి రక్తం ఎక్కించకముందే ఫినోటైప్, అంటే వాళ్ల ఎర్రకణాల మీద ఏ యాంటీజెన్లు ఉన్నాయో చూసి పెట్టాలి. ఆలస్యమైతే దాత కణాలు కలిసిపోయి మామూలు పరీక్షలో తేలదు, జన్యు పరీక్షే గతి. ఆ తర్వాత కనీసం ఆర్‌హెచ్, కెల్ సరిపోలిన రక్తమే ఇవ్వాలి. సికిల్ సెల్ రోగులకు అమెరికన్ హెమటాలజీ సొసైటీ 2020లో సిఫార్సు చేసిందీ ఇదే. క్రమం తప్పకుండా ఇచ్చే దాతలకు ఒకసారి ఈ యాంటీజెన్ల టైపింగ్ చేసి నిర్ధారించుకుంటే ఆ ఫలితం ఏళ్ల తరబడి అక్కరకొస్తుంది. నాయకుల పుట్టినరోజు శిబిరాల్లో ఫ్లెక్సీకి పెట్టే డబ్బులో కొంత ఇటు మళ్లించినా మేలే.

అసలు రోగం మరోటుంది. మన ఆరోగ్య వ్యవస్థకు అంకెలంటే మోజు, రోగి చరిత్రంటే చిరాకు. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించింది, 2047 లక్ష్యమంది. ఎందరిని స్క్రీన్ చేశామన్నదే వార్త. ఏ బ్లడ్ బ్యాంకులో ఏ గ్రూపు ఎన్ని యూనిట్లుందో ఈ-రక్తకోశ్ వెబ్‌సైట్‌లో ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. ఫలానా పిల్లాడికి యాంటీ-ఈ (పెద్ద ఈ మీద యాంటీబాడీ) ఉందన్న సంగతి మాత్రం వాళ్లమ్మ చేతిలోని ప్లాస్టిక్ కవరులో, నలిగిన కాగితం మీద ఉంటుంది. వానకు తడిస్తే అంతే.

సికిల్ సెల్ కార్డు మీద ఫినోటైప్‌కు ఒక గడి, యాంటీబాడీకి ఒక గడి చాలు. ముందు పాడేరు ఆస్పత్రికీ విశాఖ కేజీహెచ్ పెద్దాస్పత్రికీ మధ్య ఆ రికార్డు కలపండి, రాష్ట్రం సంగతి తర్వాత చూద్దాం.