రెండు కోళ్ళ బాకీ

మహారాజశ్రీ వేల్స్ జమీందారీ శిస్తు పుస్తకం గారి దివ్యసముఖానికి, కార్డిఫ్‌లో కాపురముంటున్న ఒక తెలుగువాడు రాసుకున్న అర్జీ.

ఇక్కడ నేను క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు, పాత కాగితాలు దాచే ఆర్కైవ్‌లో కిందటి నెల కళ్ళారా చూశాను. ఎండ తగలని గది, తేమ కొలిచే మీటరు, వీపు నొప్పెట్టకుండా స్పాంజి దిండ్లు. పేజీ లేవకుండా మీద పరవడానికి లోపల బరువు కుట్టిన గుడ్డతాడు ఒకటి. దాన్ని ముద్దుగా పాము అంటారట. తమరి ముందు పెన్ను తియ్యకూడదు, పెన్సిల్ మాత్రమే. ఒకప్పుడు రైతు టోపీ తీసి చేత్తో పట్టుకుని తమరి ముందు నిలబడేవాడు. నేను కోటు, పెన్ను, మంచినీళ్ళ సీసా లాకర్లో పెట్టి కూర్చున్నాను. పెద్ద తేడా ఏమీ కనపడలేదు.

నాకు తమరితో ఏం పని అంటారేమో. మా పక్కింట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఉంది. మనసులో మామ్మగారు అనుకుంటాను గానీ పైకి పేరు పెట్టే పిలుస్తాను, ఇక్కడ అదే మర్యాద. పెరట్లో నాలుగు కోళ్ళు, వారానికి మాకో అరడజను గుడ్లు. ఆవిడకి వంశవృక్షం పిచ్చి. "నీకు కంప్యూటర్ తెలుసుగా" అని నన్ను పట్టుకుంది. మనకి కంప్యూటర్ వచ్చంటే ప్రింటర్ బాగుచెయ్యడం దగ్గర్నుంచి చచ్చిపోయినవాళ్ళని వెతకడం దాకా అన్నీ వచ్చని లెక్క. ఏ దేశమైనా ఒకటే.

1841 నుంచి జనాభా లెక్కల్లో ఇంటింటి పేర్లూ ఉన్నాయి. అంతకు ముందు చర్చి రిజిస్టర్లు. అధికారిక చర్చి వదిలేసి, వేరు కుంపటి పెట్టుకున్నవాళ్ళ ప్రార్థనామందిరంలో, అంటే చాపెల్‌లో, చేరినవాళ్ళు వాటిలోనూ సరిగా దొరకరు. అక్కడ దారి మూసుకుపోయాక ఇక మిగిలిన దిక్కు తమరే. దొరగారికి ఎవడు ఎంత కట్టాలో రాసుకున్న పుస్తకం.

తమరిలో మనిషిని పట్టుకోవడం ఎంత కష్టమో తమరికేం తెలుసు! మాకు ముందు ఇంటిపేరు, తర్వాతే మనిషి. పాత వేల్స్‌లో అసలు ఇంటిపేరే లేదు. ఫలానా వాడి కొడుకు ఫలానా, అంతే. 'అప్' అంటే కొడుకు. రీస్ కొడుకు అప్ రీస్, హవెల్ కొడుకు అప్ హవెల్. ఇంగ్లీషు గుమాస్తాల నోట్లో పడి వాళ్ళు ప్రైస్‌లు, పవెల్‌లు అయ్యారు. మిగతావాళ్ళకి తండ్రి పేరే తోకగా తగిలించారు. జాన్ కొడుకు డేవిడ్ జోన్స్, డేవిడ్ కొడుకు ఎవాన్ డేవిస్, ఎవాన్ కొడుకు మరో జాన్ ఎవాన్స్. మూడు తరాలు, మూడు ఇంటిపేర్లు. మా తమిళ స్నేహితుల ఇనీషియల్ లాంటిదే, కాకపోతే ఇక్కడ ఇనీషియల్ ముదిరి ఇంటిపేరై కూర్చుంది. ఇంకో తమాషా ఏమిటంటే, సంప్రదాయ వెల్ష్ అక్షరమాలలో 'జె' అక్షరమే లేదు. దేశం నిండా మాత్రం జోన్స్‌లే.

మామ్మగారి పూర్వీకుడి పేరు ఇక్కడ రాయను. రాసినా లాభం లేదు, తమరి ఒక్క పేజీలోనే అదే పేరుతో ముగ్గురున్నారు. చివరికి పొలం పేరుతో గుర్తుపట్టాం. 'తీ నెవిద్' అని ఉంది. అంటే కొత్తిల్లు. మూడొందల ఏళ్ళు నిలిచినా అది కొత్తిల్లే, మా ఊళ్ళ కొత్తపేటలు ఎన్నటికీ పాతబడనట్టు. ఇప్పటికీ ఇక్కడి పల్లెల్లో మనిషిని పొలం పేరుతోనో చేసే పనితోనో గుర్తుపడతారు. పాల జోన్స్ అంటే పాలు పోసే జోన్స్. మాకూ పాల సుబ్బయ్య ఉండేవాడు కాబట్టి ఈ ఒక్క పాఠం నాకు తొందరగా ఒంటబట్టింది.

గెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే మతగురువు పన్నెండో శతాబ్దం చివర్లోనే రాసిపెట్టాడు, ఈ దేశంలో మామూలు జనం కూడా ఆరేడు తరాల తాతల పేర్లు వరసగా అప్పజెప్తారని. అంత గొప్ప జ్ఞాపకం ఉన్న జాతి మనవరాలు ఇప్పుడు తాత పేరు కోసం దొరగారి వసూళ్ళ పుస్తకం ముందు పెన్సిల్ పట్టుకుని కూర్చుంది. తమరు నవ్వుకునే ఉంటారు.

ఇక అసలు సంగతికొస్తాను. తమరిలో మార్చి 25న ఒక కిస్తు, సెప్టెంబరు 29న ఒక కిస్తు. టైముకి కట్టినవాడి గురించి తమరు రాసేది ఒక పేరు, ఒక అంకె. నలభై ఏళ్ళు ఒక్క పెన్నీ బాకీ లేకుండా కట్టి కన్నుమూసిన బుద్ధిమంతుడు తమరిలో నలభై గీతలు, అంతే. కట్టలేనివాడికి మాత్రం పక్కన మార్జిన్‌లో కథ ఉంటుంది. ఆవు చచ్చింది. భార్యకి ఒంట్లో బాగాలేదు. కొడుకు పట్నం పోయాడు. మనిషి మంచివాడే గానీ నిరుపేద. మాకు చిన్నప్పుడు బాకీ పడితే పరువు పోతుందని నేర్పారు. తమరి లోకంలో బాకీ పడ్డవాడికే చరిత్ర. వంశవృక్షాలు కట్టేవాళ్ళంతా తమ ముత్తాత ఎగవేతదారు అయి ఉంటే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకునే పరిస్థితి తెచ్చారు మీరు.

మామ్మగారి పెద్దాయన ఆ అదృష్టవంతుల్లో ఒకడు. ఎస్టేటు పేరు చెప్పను, 1768 నాటి పేజీ. డబ్బు కిస్తులు రెండూ కట్టాడు. దాని పక్కన, గుమాస్తా సన్నటి రాతలో, రెండు కోళ్ళు బాకీ.

కోళ్ళేమిటని మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, శిస్తుకి తోకలా దొరగారికి కోళ్ళు, గుడ్లు సమర్పించుకోవాలట. కోతలప్పుడు కొన్ని రోజులు ఊరికే పని చెయ్యాలి. గింజలు దొరగారి మరలోనే ఆడించాలి. కొన్ని కౌలు పత్రాల్లో దొరగారి వేటకుక్కని రైతు తన ఇంట్లో పెట్టుకుని మేపాలన్న షరతు కూడా ఉంది. రైతు చచ్చిపోతే అతని మందలో మేలైన పశువుని దొరగారి మనిషి తోలుకుపోతాడు. మా వైపు వెట్టి, మామూళ్ళు, నజరానాల గురించి విన్నవాడికి ఇవేమీ కొత్త కాదు. కుక్క ఒక్కటే కొత్త.

మూడు ప్రాణాల కౌలు అని ఇంకోటి కనిపెట్టారు. రైతు మూడు పేర్లు చెప్పాలి, ఆ ముగ్గురిలో ఒక్కరు బతికున్నా పొలం ఉంటుంది. అందుకని తెలివైనవాడు తనతోపాటు పసిపిల్లల పేర్లు రాయించేవాడు. ఊహించుకోండి, ఆ పిల్లాడికి జలుబు చేసినా ఇల్లంతా టెన్షన్. తల్లికి కొడుకు మీద బెంగ, తండ్రికి కొడుకు మీదా పొలం మీదా. అయితే మా బోటివాళ్ళకి ఆ పత్రాలు బంగారం, ఎందుకంటే పిల్లల పేర్లు, కొన్నిట్లో వయసులు కూడా దొరుకుతాయి. మామ్మగారి వంశంలో ఇద్దరు పిల్లలు అలాగే బయటపడ్డారు. దొరగారు ఆయుష్షు లెక్క కోసం రాయించుకున్న పేర్లు అవి.

ఒక్క విషయంలో మాత్రం నాకు తమరి గుమాస్తా మీద జాలి. రైతు వెల్ష్‌లో చెప్తాడు, ఆయన ఇంగ్లీషులో రాయాలి. చెవికి ఎలా వినపడితే అలా రాశాడు. ఒకే పొలం నాలుగు పుస్తకాల్లో నాలుగు రకాలు. శ్రీకాకుళాన్ని చికకోల్ అనీ, మచిలీపట్నాన్ని మసూలిపటం అనీ రాసినవాళ్ళ అన్నదమ్ములే కదా వీళ్ళూ. ఇక్కడి కయిర్నార్వన్ ఊరికీ ఇంగ్లీషు స్పెల్లింగ్ తగిలించి వదిలారు. పక్కదేశాన్నే సరిగా పలకలేనివాళ్ళు మన ఏలూరుని ఎల్లూర్ అన్నారని ఇన్నాళ్ళూ ఊరికే కోపం తెచ్చుకున్నాను.

తమరు ఉత్త అమాయక లెక్కల పుస్తకం అనుకుంటే పొరపాటు. 1868 ఎన్నికలప్పుడు ఓటు బహిరంగం. ఎవడు ఎవరికి వేశాడో దొరగారి ఏజెంటుకి తెలుసు. కార్డిగన్‌షైర్, కార్మార్థెన్‌షైర్‌లలో లిబరల్ పార్టీకి వేసిన రైతుల్ని పొలాల్లోంచి వెళ్ళగొట్టారు. తాతల నాటి నుంచి సాగుతున్న వరస అలా తెగిపోతే, తర్వాతి ఏడాది అదే పొలానికి కొత్త పేరు. పక్కన కారణం రాయలేదు తమరు. చచ్చిన ఆవుకి మార్జిన్‌లో చోటు దొరికింది, ఓటుకి దొరకలేదు. 1872లో రహస్య ఓటు చట్టం రావడానికి ఈ వెళ్ళగొట్టడాలు కూడా ఒక కారణం.

తమరి బంధువర్గం గురించి కూడా కాస్త వాకబు చేశాను. రువాబాన్ దగ్గర విన్‌స్టేలో సర్ వాట్కిన్ వంశంవారు ఉండేవారు, పంతొమ్మిదో శతాబ్దంలో 1,45,000 ఎకరాల పైచిలుకు ఆసామీలు. 1858లో వాళ్ళ భవనం తగలబడి పుస్తకాలు, రాతప్రతులు బూడిదయ్యాయి. బాంగర్ దగ్గరి పెన్రిన్ వారిది ఇంకో కథ. జమైకా చెరుకు తోటల్లో బానిసల చెమట, ఇక్కడ పలక రాతి గని. బానిసత్వం రద్దయినప్పుడు 764 మందికి విముక్తి ఇచ్చినందుకు 14,683 పౌండ్ల పరిహారం వచ్చింది, ఆ 764 మందికి కాదు, యజమానికి. అదే ఎస్టేటు గనిలో 1900 నుంచి 1903 దాకా మూడేళ్ళు సమ్మె జరిగింది. సమ్మె విరమించని కుటుంబాలు "ఈ ఇంట్లో ద్రోహి లేడు" అని కిటికీలో కార్డు పెట్టుకున్నాయి. దొరల బీరువాల్లో లక్షల కాగితాలున్నా, జనం తమంతట తాము వెల్ష్‌లో అచ్చు వేయించుకుని కిటికీలో పెట్టుకున్న ఆ ఒక్క ముక్క నాకు ఎక్కువ నచ్చింది.

ఇక పోయిస్ కోట, వేల్స్‌లోనే ఇంకో దొరల ఇల్లు. ఇది మాత్రం నేను ఊరికే వదలను, ఎందుకంటే ఇది మా ఇంటి వ్యవహారం.

1765లో మొగలు చక్రవర్తి దగ్గర ఉత్తర సర్కారులకి ఫర్మానా పుచ్చుకున్నది రాబర్ట్ క్లైవ్. ఆయన కొడుకు ఎడ్వర్డ్ 1784లో పోయిస్ వారి అమ్మాయి హెన్రియెట్టా హెర్బర్ట్‌ని చేసుకున్నాడు. ఆడపిల్లవారికి పాత పేరుంది, మగపిల్లవాడివారికి కొత్త డబ్బుంది. ఇలాంటి సంబంధాలు మేం ఎన్ని చూడలేదు! అల్లుడుగారు 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు. ఆయన హయాంలోనే 1800లో నిజాం నుంచి రాయలసీమ జిల్లాలు కుంఫిణీ చేతికొచ్చాయి. 1802లో శాశ్వత శిస్తు రెగ్యులేషన్ వచ్చింది. సర్కారు జిల్లాల్లో జమీందార్లకి సన్నదులనే హక్కు పత్రాలు, వాళ్ళు కుంఫిణీకి కట్టాల్సిన పేష్కష్‌లు ఖాయమయ్యాయి. జమీందార్ల కింద లేని, సర్కారు చేతిలోనే ఉన్న హవేలీ భూముల్ని ముఠాలనే ముక్కలుగా కోసి వేలం వేశారు. అంటే అత్తవారి ఊళ్ళో రైతుల శిస్తు మీద బతికే ఇంటి అల్లుడు మా ఊళ్ళకొచ్చి శిస్తు దొరల్ని ఖాయం చేసి వెళ్ళాడు. మా కరణం గారి దస్త్రాలు తమరికి వేలు విడిచిన మేనమామలు అవుతాయని నాకు అప్పుడు వెలిగింది.

కథ అక్కడితో ఆగలేదు. హెన్రియెట్టా అన్నగారు 1801లో పెళ్ళి లేకుండానే పోయాడు. ఆస్తి మేనల్లుడికి. ఆ కుర్రవాడు, అంటే సాక్షాత్తూ రాబర్ట్ క్లైవ్ మనవడు, 1807లో క్లైవ్ అన్న పేరు వదిలేసి హెర్బర్ట్ అయిపోయాడు. దీన్ని మేం ఇల్లరికం అంటాం, దత్తత అంటాం, ముచ్చటగా కొబ్బరికాయ కూడా కొడతాం. మామూలు రైతుకి తండ్రి పేరే గతి, దొరలు మాత్రం ఏ పేరుకి ఆస్తి ఉంటే ఆ పేరు తొడుక్కున్నారు. టిప్పు సుల్తాను డేరా ఇప్పటికీ ఆ కోటలోనే ఉంది. కొన్నాళ్ళు తోట విందులకి షామియానాగా పనికొచ్చిందట.

మా జమీందారీలు 1948 చట్టంతో పోయాయి. తమరివి చట్టం లేకుండానే, మొదటి యుద్ధం ముందూ వెనకా, పొలం పొలంగా వేలంలో అమ్ముడుపోయాయి. చాలాచోట్ల కొన్నది ఆ కౌలుదార్లే. భూమి పోయాక కాగితాలు ఏం చేసుకోవాలి? అబెరిస్ట్‌విత్‌లోని నేషనల్ లైబ్రరీకి కొన్ని, బాంగర్ యూనివర్సిటీకి కొన్ని, జిల్లా ఆర్కైవ్‌లకి కొన్ని వెళ్ళాయి. బాంగర్‌లో ఈ ఎస్టేట్ల చరిత్ర చదవడానికే ఒక సంస్థ కూడా ఉంది. దొరలు పోయారు, తమరికి మాత్రం ఉద్యోగం పర్మనెంట్ అయింది.

తమరి జాతిలో నాకు ఇష్టమైన కాగితాలు కూడా ఉన్నాయని ఒప్పుకోవాలి. అబెరిస్ట్‌విత్ దగ్గర నాంటియోస్ అనే ఎస్టేటులో ఒక పాత చెక్క గిన్నె ఉండేది. అందులో నీళ్ళు తాగితే జబ్బు నయమవుతుందని నమ్మకం. అరువిచ్చేవారు, ఊరికే కాదు, తాకట్టు పెట్టించుకుని. ఫలానా ఆయన గడియారం పెట్టి గిన్నె పట్టుకెళ్ళాడు, తెచ్చిచ్చాడు, అని చీటీలున్నాయి. నయమైందని కూడా కొన్నిటి మీద రాశారు. జనం కొరికి కొరికి గిన్నెలో సగం కూడా మిగల్లేదు.

మళ్ళీ కోళ్ళ దగ్గరికొస్తాను. ఆ పేజీ ఫోటో తీసుకొచ్చి మామ్మగారికి చూపించాను. కళ్ళజోడు పైకి కిందికి జరిపి చాలాసేపు చూసింది. పెద్దాయన పేరు మీద వేలు పెట్టి ఉంచింది, ఫోను స్క్రీను ఆరిపోతే మళ్ళీ నొక్కమంది. అలా నాలుగుసార్లు. తర్వాత అడిగింది, "ఇంతకీ ఇచ్చాడా?"

అదే తేలలేదు. తర్వాత అయిదేళ్ళ పుస్తకాలు లేవు. ఎలకలు తిన్నాయో, ఏ పొయ్యిలోకి పోయాయో తమరికే తెలియాలి. 1774 పుస్తకం వచ్చేసరికి ఆ పొలం పక్కన మరొకరి పేరు ఉంది, కోళ్ళ ఊసు లేదు.

మామ్మగారు మాత్రం తేల్చేసింది. ఇచ్చి ఉండడట. తమ ఇంట్లో ఎవరూ అడగ్గానే ఇచ్చే రకం కాదట. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ మొహంలో సంతోషం చూడాలి. నలభై గీతల బుద్ధిమంతుడి మనవరాలిని అని తెలిసి ఉంటే అంత మురిసేది కాదు.

కాబట్టి తమరితో నా మనవి ఒక్కటే. ఆ అయిదేళ్ళ పుస్తకాలు ఎక్కడైనా ఏ అటక మీదో బయటపడి, బాకీ ఇంకా నిలిచే ఉందని తేలి, వడ్డీతో సహా వసూలుకి మనిషిని పంపదలిస్తే, కాస్త ముందుగా కబురు చెయ్యండి. మామ్మగారి పెరటి గేటుకి తాళం సరిగా పడదు. కోళ్ళని మా షెడ్డులోకి తోలుకోవాలి.

ఇట్లు,
తమరి ఏ పేజీలోనూ లేని
ఒక విధేయుడు