నిత్యశిక్షలో ‘నిత్య’ ఎంతకాలం?

తెలుగు బైబిల్లో మత్తయి సువార్త 25వ అధ్యాయం ముగిసేది ఈ మాటలతో: “వీరు నిత్యశిక్షకును నీతిమంతులు నిత్యజీవమునకును పోవుదురు.” నరకానికి ఎప్పటికైనా ముగింపు ఉంటుందా అని ఎవరైనా అడిగితే చాలామంది పాస్టర్లు ముందు తెరిచేది ఈ పేజీనే. రెండు వైపులా ఒకే మాట ఉంది కదా, పరలోకం శాశ్వతమైతే నరకమూ శాశ్వతమే అంటారు. అయిదో శతాబ్దం తొలినాళ్లలోనే క్రైస్తవ పండితుడు అగస్టీన్ చేసిన వాదన ఇది. గట్టి వాదనే.

కానీ ఆ ‘నిత్య’ మన భాషలోనే రెండు పనులు చేస్తుంది. నిత్యజీవితం అంటే ఇంటద్దె, కరెంటు బిల్లు. నిత్యజీవం అంటే చావులేని బతుకు. తేడా ఒక్క అక్షరం. గ్రీకు మూలంలోని ‘అయోనియోస్’దీ దాదాపు ఇదే సంగతి. ‘అయోన్’ అంటే యుగం. అందుకని రాబోయే యుగానికి చెందినది అనీ చెప్పొచ్చు, అంతం లేనిది అనీ చెప్పొచ్చు. శిక్షకు వాడిన ‘కోలసిస్’కు చెట్ల కొమ్మలు కత్తిరించడం అనే పాత అర్థం ఉంది కాబట్టి అది మనిషిని బాగుచేసే శిక్షేనని కొందరంటారు. ఇది నాకంత ఎక్కదు. మాట ఎక్కడ పుట్టిందో చూసి, కొన్ని వందల ఏళ్ల తర్వాత దాన్ని వాడినవాడి మనసులో ఏముందో తేల్చేయలేం.

నాకు పట్టు దొరికేది మరోచోట. శిక్ష నిత్యం అనడం వేరు, శిక్షిస్తూ ఉండటం నిత్యం అనడం వేరు. ఉరిశిక్ష అమలుకు పట్టేది కొన్ని నిమిషాలు, దాని ఫలితానికి మాత్రం తిరుగులేదు. హెబ్రీయుల పత్రిక 9:12లో ‘నిత్యమైన విమోచన’ అని ఉంది. సిలువ మీద జరిగింది ఒక్కసారే, నిత్యమైంది దాని ఫలితం. యూదా పత్రిక ఏడో వచనం సొదొమ గొమొఱ్ఱాలది నిత్యాగ్ని దండన అంటుంది. ఆ మంట ఇప్పుడెక్కడా మండటం లేదు. “వారి పురుగు చావదు, అగ్ని ఆరదు” అని మార్కు 9వ అధ్యాయంలో చదివి వణికిపోతాం కదా, ఆ మాటలు యెషయా గ్రంథం చిట్టచివరి వచనానివి. అక్కడ పురుగు పట్టింది కళేబరాలకు, బతికి కేకలు పెట్టేవాళ్లకు కాదు. ఇక ‘పాపమువలన వచ్చు జీతము మరణము’ అన్న వాక్యం చర్చి గోడల మీదే కనిపిస్తుంది. అక్కడున్నది మరణం, యాతన కాదు. సెవెంత్ డే అడ్వెంటిస్టులు చెప్పేది ఇదే: దుష్టులు చివరికి లేకుండా పోతారు. ఆంగ్లికన్ పండితుడు జాన్ స్టాట్ కూడా 1988లో, తడబడుతూనే, ఇటువైపు మొగ్గారు.

ఈ పక్షానికి గొంతులో అడ్డుపడే వచనం ప్రకటన 20:10. అపవాది, క్రూరమృగం, అబద్ధ ప్రవక్త ‘యుగయుగములు రాత్రింబగళ్లు’ బాధింపబడతారని ఉంది. మృగమంటే సామ్రాజ్యానికి గుర్తు, గుర్తును బాధించడమేమిటి అని జవాబు చెబుతారు. మరి అపవాది సంగతో? ఆ జవాబులో దాటవేత వాసన వస్తుంది. నేను నాశనం వైపే మొగ్గుతాను గానీ, ఈ వచనం దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగిపోతాను.

అందరూ చివరికి దేవుని దగ్గరకు చేరతారన్నది మూడో దారి. తొలినాటి క్రైస్తవ పండితుల్లో మూడో శతాబ్దంలో ఓరిజెన్, నాలుగో శతాబ్దంలో నిస్సా గ్రెగొరీ ఈ ఆశ వైపు నడిచినవాళ్లే. 553 నాటి కాన్‌స్టాంటినోపుల్ మహాసభ శపించిన పేర్లలో ఓరిజెన్ ఉన్నాడు, గ్రెగొరీ లేడు. ఆయన్ను ఈనాటికీ పునీతుడనే పిలుస్తారు.

క్యాథలిక్కుల ‘ఉత్తరించు స్థలం’ తాత్కాలిక నరకమేగా అని చాలామంది పొరబడతారు. కాదు. అక్కడున్నవాళ్లు రక్షణ పొందినవాళ్లే, ఇంకా శుద్ధి కావలసినవాళ్లు. ప్రొటెస్టెంట్లు ఆ స్థలాన్నే ఒప్పుకోరు. నవంబరు 2న సమాధుల పండుగ నాడు ఈ తేడా కళ్లెదుటే ఉంటుంది. సున్నం వేసి, చామంతులు పరిచి, కొవ్వొత్తులు వెలిగించిన సమాధుల మధ్య ఫాదర్ చనిపోయినవారి ఆత్మల కోసం ప్రార్థిస్తారు. పాస్టరైతే బతికున్న కుటుంబం కోసం ప్రార్థిస్తారు. నరకం నిత్యమనే క్యాథలిక్ బోధ మాత్రం మారలేదు. 2024 జనవరిలో పోప్ ఫ్రాన్సిస్ ఇటలీ టీవీలో, నరకం ఖాళీగా ఉందనుకోవడం తనకిష్టమని చెప్పినప్పుడు కూడా, ఇది సిద్ధాంతం కాదు, నా సొంత ఆలోచన అని ముందే అనేశారు.

సువార్తల్లో ‘గెహెన్నా’ అన్నచోట మనకు ‘నరకం’ అని ఉంటుంది. గెహెన్నా యెరూషలేముకు దక్షిణాన ఉన్న హిన్నోము లోయ, ఒకప్పుడు పిల్లల్ని బలిచ్చిన చోటు. మన నరకం పురాణాలది. కుంభీపాకమైనా రౌరవమైనా అక్కడ పాపానికి తగ్గ గడువుంటుంది, అది తీరాక మళ్లీ జన్మ. అంతం లేని నరకమని చెప్పాలంటే తెలుగులో ఆ మాటొక్కటీ చాలదు, ముందు ‘నిత్య’ తగిలించాల్సిందే.