మన్నేరు వంతెన మీద తెల్లచీర

పల్లె వంతెన దెయ్యం గురించి మీరు రాసిన దాంట్లో, అర్ధరాత్రి తెల్లగా ఏదో కీచుమని అరుస్తా తలమీదుగా పోయిందని ఒకాయన చెప్పాడు కదండీ. సింగరాయకొండ దాటాక మన్నేరు దగ్గర మా చిన్నప్పుడు ఇదే కథ. తెల్లచీర మనిషి అనేవాళ్ళు.

ఓ రాత్రి మా నాయన బ్యాటరీ లైటు తీసుకుని నన్ను వంతెన కిందికి దించాడు. స్తంభం పైన సందులో తెల్ల గుడ్లగూబ! గుండె ఆకారంలో మొహం, కళ్ళు కదలవు, తలే తిప్పుతుంది. కింద ఇసకలో అది కక్కిన నల్లటి ఉండలు. నాయన ఒకటి పుల్లతో విప్పితే ఎలుక పుర్రె, బొచ్చు. ఈ పిట్ట చీర చించినట్టు అరుస్తుంది, రెక్కల చప్పుడు మాత్రం వినపడదు. చీకట్లో ఒళ్ళు జలదరించకుండా ఎట్టుంటది?

వరిచేలో ఎలుకల్ని తిని రైతుకు మేలు చేసేదాన్ని చావుపిట్టని రాళ్ళేసి చంపుతున్నారు. నాకు చాలా బాధండీ.

భయపడాల్సింది నీళ్ళకి. 2021 నవంబరు వరదల్లో నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలుపట్టాల కింది మట్టికట్ట కూడా కొట్టుకుపోయింది. మా ఊరి చప్టాకు ఇప్పటికీ అంచురాళ్ళు లేవు, అర్జీలు ఇచ్చి ఇచ్చి అలిసిపోయాం. దాని గురించీ ఒక వ్యాసం రాయండి.