గుంటూరు మిర్చికి చోంగ్‌చింగ్‌లో కరివేపాకు ఉద్యోగం

తెలుగువాడి పౌరుషానికి అంతర్జాతీయ స్థాయిలో అవమానం జరుగుతోంది. అసెంబ్లీలో ప్రస్తావన లేదు, ఛానళ్లలో చర్చ లేదు, ఒక్క ధర్నా అయినా లేదు. నైరుతి చైనాలోని చోంగ్‌చింగ్‌ నగరంలో పూటపూటకీ ఎండుమిరపకాయల్ని గుట్టలుగా వేయించి, పళ్లెంలో పోసి, తీరా తినేటప్పుడు కూరలో కరివేపాకులా పక్కకు నెట్టేస్తున్నారు. ఆ వంటకం పేరు లాజిజీ. లాజి అంటే మిరపకాయ, జీ అంటే కోడి. పేరులో ముందుండేది మిరపకాయ, పళ్లెంలో సగానికి పైగా ఉండేదీ మిరపకాయే. కడుపులోకి వెళ్లేది మాత్రం కోడి ఒక్కటే.

గుంటూరు యార్డు తేజ రకానికి చైనా ఎంత పెద్ద గిరాకీయో మిర్చి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తేజకు ఇంకో పేరు ఎస్‌17, అక్కడి వ్యాపారులు కూడా దాన్ని అలాగే పిలుస్తారు. లాజిజీ పళ్లెంలో పడింది గుంటూరు కాయో, పక్కనున్న గుయ్‌జౌ రాష్ట్రపు కాయో మొహం చూసి చెప్పలేం. ఏదైనా మన జాతిదే కదా, బాధ ఒకటే. పైగా ఇది కొత్త అలవాటేం కాదు. చైనా గ్రంథాల్లో మిరప మొదట కనిపించేది 1591లో, అదీ పూలమొక్కల వరసలో. తెల్లటి పూలు, అరిగిన కుంచె కొనలాంటి కాయ, రుచి కారం, రంగు ఎరుపు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని రాశారు. నాలుగు శతాబ్దాలు దాటినా చోంగ్‌చింగ్‌ వాళ్లు మిరపకాయను ఇంకా చూస్తూనే ఉన్నారు.

ఈ వంటకానికి పేరు తెచ్చింది నగరానికి పడమటి అంచున ఉన్న గెలెషాన్‌ కొండ. లారీలు ఆగే దారిపక్క హోటళ్ల తిండి ఇది. ఇప్పుడు లారీల జాగాలో సెల్ఫీ స్టిక్కులు దిగుతున్నాయి.

దిగేవాళ్లలో మనవాళ్లూ ఉంటారు. ఒకాయన కెమెరా ఆన్‌ చేసి, ‘మాది పల్నాడండీ, మాకు ఇదో లెక్కా’ అంటూ మూడు మిరపకాయలు నమిలి మింగుతాడు. చుట్టూ ఉన్న చైనావాళ్లు ఆగి చూస్తారు. ఆయన అది మెచ్చుకోలు అనుకుంటాడు. మన పెళ్లి భోజనాల్లో ఎవరైనా విస్తరిని నమలడం మొదలుపెడితే మనం ఎలా చూస్తామో, అదే చూపు అది. ఇంకొకాయన బోన్‌లెస్‌ అడుగుతాడు. మూడో ఆయన తెల్లన్నం తెప్పించుకుని కలపబోతాడు. కలపడానికి అందులో పులుసూ లేదు, గ్రేవీ లేదు. వేయించిన మిరపకాయల్లో అన్నం దొర్లించుకోవడమే మిగులుతుంది.

కారానికి తట్టుకోవడం ఇక్కడ పరీక్షే కాదని ఈ వీరులకు ఎవరైనా చెబితే బాగుండు. లాజిజీ అంటే వేపుడు పనితనం. మార్కులు వేయాల్సింది కోడి ముక్కకు.

ముక్క ఎముకతోనే ఉండాలి, ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లకు మించకూడదు. అంటే మన కూర ముక్కలో నాలుగో వంతు. లేత పుంజు అయితే మేలు. కిలో కోడికి చెంచాన్నర ఉప్పు, రెండు పెద్ద చెంచాల వంట సారా, దంచిన అల్లం పట్టించి అరగంట ఉంచుతారు. ఉప్పు సంగతి ఇక్కడే తేల్చేయాలి. వేగి పైన కరకరలాడే పెచ్చు కట్టాక ఉప్పు చల్లితే లోపలికి దిగదు, నాలుక మీద ఉప్పు ఉప్పుగా, పంటి కింద చప్పగా ఉంటుంది. చివర్లో రుచి చూసి ఉప్పు సర్దుకునే మన అలవాటు ఈ వంటకంలో చెల్లదు.

కార్న్‌ఫ్లోర్‌ ముట్టుకోవద్దు. పిండి పట్టించారంటే అది చికెన్‌ 65 వాళ్ల చుట్టం అవుతుంది. ముక్కలు ఒట్టివే నూనెలో పడాలి, 180 డిగ్రీల వేడిలో, రెండు మూడు వాయిలుగా. ఒకేసారి కుమ్మరిస్తే నూనె చల్లబడుతుంది, ముక్క నీరు వదులుతుంది, ఇక అది వేగడం మానేసి ఉడుకుతుంది. బూడిదరంగు తిరిగి రబ్బరులా సాగే ముక్క పుట్టేది ఇలాగే. నాలుగైదు నిమిషాలకు తీసి, నూనెను 200 డిగ్రీల దాకా కాచి, మళ్లీ ఒకటి రెండు నిమిషాలు వేయాలి. ముక్క కుంచించుకుపోయి, గరిటెతో కదిపితే గులకరాళ్ల చప్పుడు రావాలి. కిలో కోడి ఇంతేనా అని గుండె గుభేలుమంటే వంట సరిగ్గా కుదిరినట్టే.

ఇప్పుడు మన కథానాయిక ప్రవేశం. కిలో కోడికి 150 నుంచి 200 గ్రాముల ఎండుమిర్చి. తొడిమలు తీసి, రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కత్తిరించి, జల్లెడలో ఆడించి గింజలు రాల్చేయాలి. గింజలు ముందుగా మాడతాయి, మాడి కోడికి అంటుకుంటాయి. వేపిన నూనెలో మూడు నాలుగు పెద్ద చెంచాలు మాత్రం బాణలిలో ఉంచి, అది పొగలు రాకముందే, సన్నని సెగ మీద మిర్చి వేయాలి. ఒకసారి నీళ్లలో ముంచి గట్టిగా దులిపి వేస్తే ఇంకాస్త వెసులుబాటు ఉంటుంది. మండే ఎరుపు జేగురు రంగులోకి తిరిగే ఆ క్షణం కోసమే వంటవాడికి జీతం. ఇంకో పావు నిమిషం ఆగితే నలుపు, చేదు, వీధి చివరిదాకా దగ్గులు. తాలింపు మాడ్చి అత్తగారి చేత మాట పడ్డవాళ్లకు ఇంతకంటే వివరం అక్కర్లేదు. ఆపైన అల్లం వెల్లుల్లి చీలికలు, వేగిన కోడి, చిటికెడు పంచదార, నువ్వులు. నాలుగు తిప్పులు తిప్పి దించడమే. సువాసన నూనెలోకి, నూనె ముక్క మీదికి దిగింది కాబట్టి మిరపకాయ పని అక్కడితో అయిపోయింది. మన కరివేపాకుకు పోపులో ఉన్న ఉద్యోగం ఇదే కదా, దాని మీద మనం ఏనాడైనా జాలిపడ్డామా?

మిరపకాయతోపాటే ఇంకో శాల్తీ దిగుతుంది, పేరు హ్వాజావ్‌. పాతిక గ్రాముల దాకా పడుతుంది. సిచువాన్‌ మిరియం అంటారు గానీ మిరియానికీ దీనికీ చుట్టరికం లేదు. వాడేది ఎండిన కాయ పైపొట్టు. లోపలి నల్ల గింజ ఇసకలా పళ్ల కింద పడుతుంది, ఏరేయాలి. మన బండి మీది షెజ్వాన్‌ ఫ్రైడ్‌రైస్‌లో సాధారణంగా కనిపించనిది ఇదే. నాలుక మీద పడగానే పెదాలు జివ్వుమని తిమ్మిరెక్కుతాయి. ఆ కంపనం సెకనుకు సుమారు 50 సార్లని 2013లో లండన్‌ యూనివర్సిటీ కాలేజ్‌ పరిశోధకులు లెక్క తేల్చారు. మన ఇంటి కరెంటు కూడా 50 హెర్ట్జే. కనుక హ్వాజావ్‌ కొరికి షాక్‌ కొట్టిందని ఎవరైనా అంటే నమ్మవచ్చు.

ఆర్డర్‌ చెప్పేటప్పుడు ‘వెయ్‌ లా’ అనండి, కాస్తంత కారం అని అర్థం. ‘బూ లా’, అంటే కారం వద్దు అని, ఈ వంటకానికి చెప్పడం ఉల్లి లేని ఉల్లిపాయ పకోడీ అడగడమే. చోంగ్‌చింగ్‌ వాళ్ల కాస్తంత మన లెక్కకు రెండింతలు ఉండొచ్చు, అది వేరే విషయం. మంట ఎక్కువైతే నీళ్లు గటగటా తాగొద్దు. కారం నీళ్లలో కరగదు, నోరంతా పాకుతుంది. చల్లటి సోయా పాలు తెప్పించుకోండి. ముక్కను చాప్‌స్టిక్‌తో ఒక్కొక్కటే ఏరి, నోట్లోనే ఎముక విడదీసి బయటికి తీసేయాలి. మన మేకకాలు మూలుగ పీల్చే అనుభవం ఇక్కడ అక్కరకొస్తుంది.

ఇంట్లో చేసుకోవాలంటే తేజ వద్దు. ఆ లెక్కన 200 గ్రాముల తేజ వేయిస్తే అపార్ట్‌మెంట్‌ అసోసియేషన్‌ నోటీసు ఇస్తుంది. వరంగల్‌ చపాటా మిర్చి తీసుకోండి, రంగు దండిగా ఉంటుంది, కారం తక్కువ. తేజ నాలుగు కాయలు ఘాటు కోసం చాలు. పుంజు బాగా ముదిరిందైతే నూనెలో మెత్తబడదు, దాన్ని పులుసుకు వదిలేయండి.

భోజనం అయ్యాక పళ్లెంలో మిగిలేది దాదాపు వడ్డించినంత మిరపకాయే. అక్కడివాళ్లు కొందరు దాన్ని పారేయరు, ‘దాబావ్‌’ అని డబ్బాలో కట్టించుకుంటారు. మర్నాడు ఆ నూనె పట్టిన మిర్చిలోనే బంగాళాదుంప చీలికలు వేయించుకుంటారు. మీరూ కట్టించుకోండి. హోటల్‌ గదిలో డబ్బా తెరిచి నెమ్మదిగా వెతికితే అడుగున రెండు మూడు కోడి ముక్కలు దొరుకుతాయి. వాటికి నిన్ననే బిల్లు కట్టేశారు.